మధ్యాహ్నం పన్నెండింటి జాబితా

అనగనగా గోదావరి డెల్టాలో, కాలవ గట్టున ఒక ఇంజినీరింగ్ కాలేజీ. ఆరు బ్లాకులు, రెండు హాస్టళ్ళు, ఒక క్యాంటీను. గోడల మీద, ఫాల్స్ సీలింగుల్లో, మెట్ల కింద, బాత్రూముల పక్కనుండే స్టోర్ రూముల్లో కలిపి నాలుగు వందల పైచిలుకు నెట్‌వర్క్ పరికరాలు. స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు, ప్రింటర్లు. వీటన్నిటి లెక్క చూడ్డానికి ఒక సాఫ్ట్‌వేరు, ఆ సాఫ్ట్‌వేరుని చూసుకోడానికి ఒక పెద్దాయన. జన్మలో పాఠం చెప్పకపోయినా ఆయన్ని అందరూ నెట్‌వర్క్ మాస్టారనే పిలిచేవారు.

ఆ సాఫ్ట్‌వేరు ఆరు గంటలకోసారి కాలేజీ అంతా చుట్టి వచ్చేది. అర్ధరాత్రి, పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. ప్రతి పరికరాన్నీ పలకరించి, పలికినవాటి పేరూ చిరునామా, ఏ పోర్టులో ఏది గుచ్చి ఉందో అదీ రాసుకుని దాచుకునేది. మధ్యలో ఎవరు పేజీ తెరిచినా ఆ దాచిన జాబితానే చూపించేది. మొదట్లో ఇలా ఉండేది కాదు. పేజీ తెరిచిన ప్రతిసారీ కొత్తగా తిరిగొచ్చేది. అది వచ్చేలోపు క్యాంటీనుకెళ్ళి టీ తాగి రావచ్చు. విసుగెత్తి మాస్టారే దాచిపెట్టే ఏర్పాటు చేశారు. పేజీ పైమూలన, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, చివరిసారి తిరిగొచ్చిన సమయం పడేది. పేజీ తెరవగానే మాస్టారి కన్ను ముందు అక్కడికే పోయేది. ఏళ్ళనాటి అలవాటు. దాన్ని ఆయన ఎవరికీ నేర్పలేదు. నేర్పాల్సినదని ఆయనకి తోచనూ లేదు.

మాస్టారి కింద కొత్తగా చేరిన కుర్రాడు చురుకైనవాడు. ఆ సాఫ్ట్‌వేరుకి ఒక ఏఐ అసిస్టెంటుని తగిలించాడు. ఇక పేజీలు తెరిచే పని లేదు, మామూలు మాటల్లో అడిగితే చాలు. అసిస్టెంటు చేతికి మూడు టూల్స్ ఇచ్చాడు. దాచిన జాబితా చదవడానికి ఒకటి. జాబితాని కొత్తగా తెప్పించడానికి, అంటే రిఫ్రెష్ కొట్టడానికి, ఇంకొకటి. జాబితాలోంచి పరికరాన్ని తీసెయ్యడానికి మూడోది. ఈ మూడోది పనిలో పనిగా ఇచ్చేశాడు.

కాలేజీకి పండగొచ్చినట్టయింది. హాస్టల్లో వైఫై ఉందా అని వార్డెన్ ఫోన్లోనే అడిగేవారు. సెమినార్ హాల్లో ప్రింటరు పనిచేస్తోందా అని ప్రిన్సిపాల్ గారు కారులోంచి అడిగేవారు. ముద్దుగా, మర్యాదగా జవాబు వచ్చేది. మూలన ఉండే ఆ బూడిదరంగు టైము మాత్రం ఆ జవాబుల్లోకి రాలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒకరోజు సంగతి. మర్నాడు సి బ్లాకు రెండో అంతస్తు ల్యాబులో ఆన్‌లైన్ పరీక్ష. ఆ మధ్యాహ్నం రెండింటికి ఉరుముల వాన. కరెంటు పోవడం, రావడం, మళ్ళీ పోవడం. వాన వెలిశాక చూస్తే సి బ్లాకు స్విచ్ కాలిపోయి ఉంది. మాస్టారు మేనల్లుడి పెళ్ళికని సెలవులో ఉన్నారు. ఎలక్ట్రీషియన్, స్విచ్‌లు సప్లయి చేసే కుర్రాడు కలిసి స్టోర్లో ఉన్న స్పేర్ స్విచ్ తెచ్చి బిగించారు. లైట్లు వెలిగాయి. స్విచ్‌ల కుర్రాడు బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. ల్యాబుకి కావలసిన వీల్యాన్ సెట్టింగు ఆ స్పేర్ స్విచ్‌లో లేదని అప్పటికి ఎవరికీ తెలీదు.

అయిదున్నరకి మన కుర్రాడు అడిగాడు: “సి బ్లాకులో అన్నీ బాగున్నాయా?”

“సి బ్లాకులో 38 పరికరాలు ఉన్నాయి. అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.”

అది మధ్యాహ్నం పన్నెండింటి జాబితా. ఆరింటికి సాఫ్ట్‌వేరు యథాప్రకారం తిరిగొచ్చింది. పాత స్విచ్ పలకలేదని, దాని కింద ల్యాబు మొత్తం మాయమైందని శుభ్రంగా రాసుకుంది. ఏడింటికి, ఇంటికెళ్ళే ముందు, కుర్రాడు అదే చాట్‌లో ఇంకోసారి అడిగాడు. అసిస్టెంటు ఈసారి జాబితా జోలికే పోలేదు. గంటన్నర కిందట తాను చెప్పిన జవాబు అదే చాట్‌లో కళ్ళెదురుగా ఉంటే మళ్ళీ వెతకడమెందుకు? 38 పరికరాలు, అన్నీ ఆన్‌లైన్. కుర్రాడు బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దున్న తొమ్మిదింటికి ల్యాబులో అరవై మంది పిల్లలు కూర్చున్నారు. ఒక్కరికీ లాగిన్ పేజీ రాలేదు. పరీక్ష మధ్యాహ్నానికి వాయిదా పడింది. కుర్రాడి చెవులు సాయంత్రందాకా ఎర్రగానే ఉన్నాయి.

ఆ రాత్రే వాడు అసిస్టెంటుకి గట్టిగా ఒక నియమం రాసిపెట్టాడు: ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే ముందు జాబితా మొత్తం రిఫ్రెష్ చెయ్యాలి. దాచినది చదవకూడదు.

వారం రోజులు హాయిగా గడిచింది. తర్వాత సోమవారం ఫస్టియర్ పిల్లలు హాస్టల్లో దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఫోను, ల్యాప్‌టాపు. వైఫై రావట్లేదని వార్డెన్ అడిగారు. డిప్యూటీ వార్డెన్ అడిగారు. మెస్ సూపర్‌వైజరు అడిగాడు. ఎవరు అడిగినా సాఫ్ట్‌వేరు నాలుగు వందల పరికరాల చుట్టూ మొదట్నుంచీ తిరగాలి. ఒక చుట్టు అవకుండానే ఇంకోటి మొదలైంది, దాని మీద మరోటి. హాస్టల్లోవి పాతకాలం స్విచ్‌లు, వాటిలో ప్రాసెసరు నామమాత్రం. ఏ పోర్టులో ఎవరున్నారని ఒకేసారి ఇంతమంది వచ్చి అడుగుతుంటే అవి మాట్లాడ్డం మానేశాయి. పిల్లల ట్రాఫిక్ మాత్రం మోస్తూనే ఉన్నాయి, జవాబు చెప్పే తీరికే లేదు. సాఫ్ట్‌వేరు చూసినంతసేపు చూసి, పలికినవాటితోనే కొత్త జాబితా రాసి, నిండు జాబితా ఉన్న చోట ఆ సగం జాబితా పెట్టేసింది.

“హాస్టల్ బ్లాకుల్లో 19 స్విచ్‌లు స్పందించడం లేదు. ఇవి తొలగించిన పాత పరికరాల్లా కనిపిస్తున్నాయి. జాబితాలోంచి తీసివేయమంటారా?”

అప్పటికి కుర్రాడి ఫోను మోగుతూనే ఉంది. ఏది పాతది, ఏది కొత్తది అని చూసే స్థితిలో లేడు. సరే అని కొట్టాడు.

పోయినవి పేర్లు మాత్రమే అయితే రిఫ్రెష్‌తో తిరిగొచ్చేవి. వాటితోపాటు మాస్టారు ఏళ్ళ తరబడి ఒక్కో పరికరం కింద రాసుకున్న గుర్తులు పోయాయి. ‘బీరువా జరిపితే కనిపిస్తుంది’, ‘పై పోర్టు వదులు, ముట్టుకోవద్దు’, ‘తాళం వంటమేస్త్రి దగ్గర’. ఇలాంటివి ఏ స్కానింగులోనూ దొరకవు.

మాస్టారు పెళ్ళి నుంచి రాగానే సంగతి తెలిసింది. తిట్టలేదు. రాత్రి బ్యాకప్పులోంచి గుర్తులు చాలావరకు వెనక్కి తెచ్చారు. తర్వాత కుర్రాణ్ణి వెంటబెట్టుకుని సి బ్లాకు రెండో అంతస్తులో ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఎలక్ట్రీషియన్ అక్కడే ఉన్నాడు. ప్యానెల్ తలుపు లోపలివైపు, పురికొసతో కట్టిన ఒక నలభై పేజీల నోట్‌బుక్కు వేలాడుతోంది. అట్ట నూనె మరకలతో నల్లబడింది. లోపల ఒక్కో వరసలో తేదీ, గంట, చూసింది. ‘2:40. స్విచ్ లైట్లు లేవు. వాసన.’ ‘4:15. కొత్త పెట్టె. ఆకుపచ్చ లైట్లు 3, నారింజ 1. లోపల సంగతి తెలవదు.’

“ఇదెందుకు రాస్తున్నావు బాబాయ్?” అన్నాడు కుర్రాడు.

“కాంట్రాక్టరు బిల్లులకండి. నేనొచ్చేసరికి బాగానే ఉందంటాడు వాడు. ఏ టైముకి బాగుందిరా నాయనా అని అడగడానికి మనకో ఆధారం ఉండాలి కదండీ.”

కుర్రాడు ‘లోపల సంగతి తెలవదు’ అన్న వరస దగ్గర చాలాసేపు ఆగాడు. పరీక్ష ముందురోజు సాయంత్రం మొత్తంలో తెలియనిదాన్ని తెలియదని రాసిపెట్టినది అదొక్కటే.

ఆ తర్వాత మాస్టారూ కుర్రాడూ కూర్చుని అసిస్టెంటు పద్ధతి మార్చారు. ఏ జవాబైనా ఎప్పుడు చూసిందో చెప్పి తీరాలి. అడిగింది సి బ్లాకు గురించైతే సి బ్లాకు వరకే రిఫ్రెష్, అదీ జాబితా పది నిమిషాలు దాటినదైతేనే. ఒక చుట్టు నడుస్తుండగా ఇంకెవరైనా అడిగితే ఆ చుట్టు ఫలితమే ఇద్దరికీ. కొత్త జాబితా పాతదానికన్నా బాగా చిన్నదైతే పాతదాని మీద రాయకూడదు, పక్కన పెట్టి మనిషిని పిలవాలి. పలకనివి ‘పలకలేదు’ అనే వేరే వరసలో ఉండాలి. తీసేసే టూల్ని మాస్టారు అసిస్టెంటు దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకున్నారు.

మర్నాడు వార్డెన్ ఫోన్ చేశారు. “ఏవిటండీ ఇది? వైఫై ఉందా లేదా అని అడిగితే, 11:52కి చూసినప్పుడు 19లో 17 పలికాయి, రెండు పలకలేదు అంటోంది. ఉందా లేదా, ఒక్క ముక్కలో చెప్పదేం?”

“ఒక్క ముక్కలో చెప్పినప్పుడే కదండీ ఇంత గొడవైంది,” అన్నారు మాస్టారు.

నీతి: జాబితాని దాని వయసుతో కలిపి చదవాలి. పలకనిదాన్ని లేనిదని రాయకూడదు.

కథలో కుర్రాడు మొదట పాత జాబితా వల్ల దెబ్బతిన్నాడు, తర్వాత కొత్త జాబితా వల్ల దెబ్బతిన్నాడు. మనలో చాలామంది మొదటి సగమే గుర్తుపెట్టుకుని, క్యాష్ (దాచిపెట్టిన జాబితా) అంటేనే దొంగలా చూసి, రిఫ్రెష్ బటన్ని తీర్థంలా పుచ్చుకుంటాం. నెట్‌వర్కులతో పనిచేసేవాళ్ళకి దాచిపెట్టడం తప్పదు. లిబ్రెఎన్‌ఎంఎస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మామూలుగా పరికరాల స్థితిని 5 నిమిషాలకోసారి అడుగుతుంది. ఏ పరికరంలో ఏముందో, దాని పక్కన ఏముందో వెతికే పెద్ద చుట్టు మాత్రం 6 గంటలకోసారే. చిన్నదాని ఖర్చు వేరు, పెద్దదాని ఖర్చు వేరు. క్లౌడ్‌లో నడిచే మేనేజ్‌మెంట్ సేవలైతే ఎన్నిసార్లు అడగొచ్చో ముందే గీత గీసి ఉంచుతాయి. సిస్కో మెరాకీ ఒక సంస్థకి సెకనుకి 10 అభ్యర్థనలు ఒప్పుకుంటుంది, దాటితే 429 అనే జవాబు పంపి కాసేపు ఆగమంటుంది. ఆగడం మనిషికి తెలుసు. ఆగమని రాసిపెట్టకపోతే, వచ్చినంతవరకు చాలనుకుని జవాబు అల్లేసే ప్రమాదం ఏఐతో ఉంది.

ఇంకో చిక్కు. ‘తాజా’ జాబితాలో ఉన్నదంతా తాజాది కాదు. సాఫ్ట్‌వేరు వెళ్ళి స్విచ్‌నీ రూటర్నీ అడుగుతుంది సరే, అవి మాత్రం ఎక్కణ్ణుంచి చెబుతాయి? వాటి దగ్గరా దాచిన పట్టికలే. సిస్కో స్విచ్‌లో ఏ మ్యాక్ చిరునామా ఏ పోర్టులో ఉందన్న గుర్తు మామూలుగా 300 సెకన్లు ఉంటుంది, ఆలోగా ఆ పరికరం మళ్ళీ మాట్లాడకపోతే చెరిగిపోతుంది. అదే సంస్థ రూటర్లో ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్న గుర్తు 4 గంటలు నిలుస్తుంది. అంటే మీ ల్యాప్‌టాపు మూసేసి మీరు ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నా, స్విచ్ మిమ్మల్ని అయిదు నిమిషాల్లో మర్చిపోతుంది, రూటరు మాత్రం మీరింకా ఆఫీసులోనే ఉన్నారని చెబుతుంది. పక్కపక్క పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఎల్‌ఎల్‌డీపీలో మామూలు గడువు 120 సెకన్లు. మూడు పట్టికలకి మూడు వయసులు. వాటిని ఈ క్షణమే చదివి కుట్టిన జాబితాకి ఏ వయసు చెప్పాలి? నిన్ననే అచ్చయిన ఓటర్ల జాబితాలోనూ నిరుడు పోయిన తాతగారు ఉండొచ్చు. అచ్చు తేదీ చూస్తే ఆయన సంగతి తెలీదు.

ఫోన్లు ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచాయి. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చిరునామా చూపిస్తున్నాయి. వైఫైని మర్చిపొమ్మని చెప్పి మళ్ళీ కలిసిన ఫోను కొత్త చిరునామాతో రావచ్చు. జాబితాలో ఒక మనిషి ఇద్దరవుతాడు. హాస్టల్ వైఫై లెక్కలు చూసే ఎవరినైనా అడగండి, పడకల కన్నా పరికరాలు ఎన్ని రెట్లున్నాయో నవ్వుతూ చెబుతారు.

ఇక ‘పలకలేదు’ సంగతి. నెట్‌వర్క్ పరికరాల్ని పలకరించే ఎస్‌ఎన్‌ఎంపీ 1988 నాటిది. యూడీపీ మీద, 161వ పోర్టు ద్వారా నడుస్తుంది. యూడీపీలో జవాబు రాకపోతే ఎందుకు రాలేదో చెప్పే నాథుడు లేడు. పరికరం చచ్చిపోయి ఉండొచ్చు. దారిలో ప్యాకెట్ పడిపోయి ఉండొచ్చు. పాస్‌వర్డు లాంటి కమ్యూనిటీ మాట ఎవరో మార్చి ఉండొచ్చు. కథలోలాగా ఊపిరాడనంత పనిలో ఉండొచ్చు. నాలుగింటికీ పైకి కనిపించేది ఒకే మౌనం. అనుభవమున్న ఇంజినీరు ఆ మౌనం విని వెంటనే తీర్పు చెప్పడు. పింగ్ కొట్టి చూస్తాడు, పై స్విచ్‌లో ఆ పోర్టు లింకు ఉందో లేదో చూస్తాడు, ఇంకా కుదరకపోతే చెప్పులేసుకుని వెళ్ళి చూస్తాడు. ఏఐ టూల్‌కీ ఈ మెట్లు ఇవ్వొచ్చు. ఇచ్చేదాకా దాని చేతికి తీసేసే హక్కు ఇవ్వకపోవడం నా దృష్టిలో కనీస జాగ్రత్త.

ఏఐ వచ్చాక కొత్తగా చేరిన పొర ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. పరికరంలో ఒక క్యాష్, సాఫ్ట్‌వేరులో ఒక క్యాష్. మూడోది సంభాషణ. చాట్‌లో ఒకసారి వచ్చిన జాబితా ఆ చాట్ నడిచినంతసేపూ మోడల్ కళ్ళెదుటే ఉంటుంది. వెనక సాఫ్ట్‌వేరులో జాబితా మారినా చాట్‌లో ఉన్న పాత పాఠం మారదు. కుర్రాడు సాయంత్రం ఏడింటికి దెబ్బతిన్నది ఇక్కడే. అప్పటికి సాఫ్ట్‌వేరుకి నిజం తెలుసు. రిఫ్రెష్ కొట్టినా, కొత్త జాబితాని మళ్ళీ చదవమని చెప్పకపోతే రెండో పొర మారుతుంది, మూడోది మారదు. మారే సంగతి అడిగిన ప్రతిసారీ టూల్ని మళ్ళీ పిలవాలనీ, పైన కనిపిస్తున్న పాత జవాబుని సాక్ష్యంగా తీసుకోకూడదనీ మోడల్‌కిచ్చే సూచనల్లోనే రాయాలి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లని ఏఐకి కలపడానికి ఇప్పుడు విరివిగా వాడుతున్న మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని ఆంత్రోపిక్ 2024 నవంబరులో బయటపెట్టింది. 2025 మార్చి సవరణలో ఒక్కో టూల్‌కి గుర్తులు తగిలించే వీలొచ్చింది. ఇది చదవడానికి మాత్రమే, ఇది ఉన్నదాన్ని చెరపగలదు, ఇది ఎన్నిసార్లు పిలిచినా అదనంగా ఏమీ మారదు, ఇలా. ఇవి సూచనలే, నమ్మకమైన చోటినుంచి వస్తేనే నమ్మమని ఆ ప్రమాణమే చెబుతుంది. రిఫ్రెష్ టూల్‌కి ఏ గుర్తు పెట్టాలన్నది మంచి ప్రశ్న. చూడ్డానికి అది చదివే పనిలాగే ఉంటుంది, ఏ పరికరంలోనూ సెట్టింగు మార్చదు. కానీ నెట్‌వర్కు మీద బరువు వేస్తుంది, ఉన్న జాబితా మీద కొత్తది రాస్తుంది. చదవడానికి మాత్రమే అన్న గుర్తు పెడితే, మనిషిని అడగకుండానే ఎన్నిసార్లైనా పిలిచేలా అమర్చుకునేవాళ్ళు ఉంటారు. హాస్టల్ స్విచ్‌లకి జరిగింది అదే. నేనైతే ఆ గుర్తు పెట్టను. మొత్తం చుట్టే రిఫ్రెష్ ఒకటి, ఒక్క పరికరానికో ఒక్క బ్లాకుకో చేసే రిఫ్రెష్ ఒకటి, రెండు వేరు వేరు టూల్స్‌గా ఇచ్చి, మొదటిదానికి మనిషి అనుమతి పెడతాను.

రిఫ్రెష్ టూల్ ఏం జవాబిస్తుందన్నది కూడా చూసుకోవాలి. పెద్ద చుట్టు నిమిషాలు పడుతుంది కాబట్టి చాలాచోట్ల ఆ టూల్ పని మొదలుపెట్టి వెంటనే తిరిగొచ్చేస్తుంది. వెబ్ భాషలో దానికి 202 అని ఒక జవాబుంది: అందింది, పని ఇంకా అవలేదు అని. మోడల్ దాన్ని ‘అయిపోయింది’ అని చదివితే, ఆ మరుక్షణమే జాబితా తెరిచి మళ్ళీ మధ్యాహ్నం పన్నెండింటిదే తెస్తుంది. ఈసారి పైగా ‘ఇప్పుడే రిఫ్రెష్ చేశాను’ అన్న ధీమాతో. అందుకని రిఫ్రెష్ టూల్ ఒక పని సంఖ్య ఇవ్వాలి, ఆ పని ముగిసిందా అని అడగడానికి ఇంకో టూల్ ఉండాలి. ముగిశాక వచ్చే జవాబులో ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎన్నిటిని అడిగింది, ఎన్ని పలికాయి అన్న నాలుగు అంకెలూ ఉండాలి. ఆ అంకెలు వార్డెన్ గారి ఫోను దాకా చేరాలి, ఆయన ఎంత విసుక్కున్నా సరే.